వంగిన ఎడమ కొమ్ము

క్రితం వారం స్కేలత్తని బస్సులో వదిలిపెట్టాం. భుజాన సంచి, సంచిలో డైరెక్టరుగారు చేతికిచ్చిన కొత్త బొమ్మల పుస్తకం, ఆ పుస్తకం అట్ట మీద సొంత మేనకోడలి పేరు. "ఇందులో మన కంపెనీ సొత్తు ఎక్కడుందో వెతకండి. మీరు వేలు పెట్టి చూపిస్తే చాలు, తక్కిన సంగతి లాయర్లు చూసుకుంటారు. సోమవారానికల్లా చెప్పండి" అన్నాడాయన. ఆవిడ ఊ అనలేదు, ఊహూ అనలేదు. పుస్తకం సంచిలో పడేసుకుని, ఒంట్లో బాగాలేదని చెప్పి, ఏళ్ళ తరబడి మాటల్లేని మేనకోడలిని వెతుక్కుంటూ బయల్దేరింది.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి జోరయ్య సంగతి కాస్త చెప్పాలి. జోరయ్య ఒక నత్త. మంటలార్పే ఉద్యోగం. వీపు మీది గుల్లకి నీళ్ళ గొట్టం చుట్టుకుని, గంట కొట్టుకుంటూ బయల్దేరతాడు. వాడు చేరేసరికి మంట ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. అయినా వెనక్కి పోడు. గోడల మసి కడుగుతాడు, కమిలిపోయిన మొక్కలకి నీళ్ళు పోస్తాడు, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుంటాడు. ముత్తాతల కాలంలో ఒక పత్రికలో పుట్టిన వాడు ఇవాళ బడి సంచుల మీద, పళ్ళ బ్రష్షుల మీద, దుప్పట్ల మీద, ఎక్కడ చూస్తే అక్కడున్నాడు. ఇంట్లోంచి ఇంకా కాలు బయట పెట్టకుండానే ఫోన్లో "వచ్చేశా, వచ్చేశా" అనే ప్రతి మనిషీ వాడుతున్నది జోరయ్య మాటే.

మొన్న కొత్త సంవత్సరం మొదటి రోజున ఆ జోరయ్య అందరివాడైపోయాడు. బొమ్మ గీసినవాళ్ళకీ, వాళ్ళ దగ్గర కొనుక్కున్నవాళ్ళకీ దాని మీద హక్కు కొన్నేళ్ళే ఉంటుందిట. ఆ గడువు తీరిపోయింది. ఇక ఎవరైనా గీసుకోవచ్చు, కథ అల్లుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాకపోతే ఓ మెలిక ఉంది. గడువు తీరింది మొదటి ఏడాది జోరయ్యకే. అప్పటికి వాడికి ఎర్ర టోపీ లేదు, నెత్తి మీద చిన్న బకెట్టు బోర్లించుకుని తిరిగేవాడు. నోట మాట కూడా లేదు. ఎర్ర టోపీ, "వచ్చేశా" అన్న మాట, బుగ్గల మీది సొట్టలు, ఇవన్నీ తరవాతి ఏళ్ళలో చేరినవి. అవి ఇంకా కంపెనీవే.

ఏది ఎప్పుడు చేరిందో చెప్పడానికి కంపెనీకి ఉన్నది స్కేలత్త. జోరయ్యని పుట్టించిన పెద్దాయన పోయిన కొన్నాళ్ళకి ఆవిడ అక్కడ చేరింది. ఆయన్ని చూడలేదు గానీ ఆయన గీతని చూసినంతగా మరెవర్నీ చూడలేదు. ప్రతి దుప్పటీ, ప్రతి బ్రష్షూ బజారుకి వెళ్ళేముందు ఆవిడ బల్ల మీదికి రావాలి. గుల్ల మీది చుట్లు సరిగ్గా ఉన్నాయా, కొమ్ముల చివర కళ్ళు సరైన ఎత్తులో ఉన్నాయా అని స్కేలు పెట్టి చూసి, నచ్చకపోతే ఒకటే మాట: "ఇది జోరయ్య కాదు." అంతే, సరుకు వెనక్కి. ఆ స్కేలు వల్లే ఆవిడకా పేరు వచ్చింది. పెట్టింది మేనకోడలే, మాటలు కూడా సరిగ్గా తిరగని వయసులో.

ఆ మేనకోడల్ని ఇంట్లో అందరూ బుల్లి అంటారు. పెరిగి పెద్దదై, అదే కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగానికి వచ్చింది. అది గీసి తెచ్చిన జోరయ్యని అత్త బల్ల మీద పెట్టారు. అత్త చూసింది, స్కేలు పెట్టింది. ఇది జోరయ్య కాదు అంది. ఆ తరవాత బుల్లి ఆవిడ గుమ్మం తొక్కలేదు.

*

బస్సు దిగి, రెండు సందులు తిరిగితే ప్రెస్సు. సందు మొదట్లోకే మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. లోపల కాగితం కట్టల మధ్య ఒకాయన నడుముకి నల్లటి గుడ్డ కట్టుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. ఎంత తుడిచినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని సిరా బాబాయ్ అంటారు. మేడ మీది గది బుల్లికి అద్దెకిచ్చిందీ, బుల్లి పుస్తకాన్ని ముందూ వెనకా చూసుకోకుండా అచ్చేసిందీ ఆయనే.

"పైనే ఉందమ్మా" అన్నాడు ఆవిడని ఎగాదిగా చూసి. "మీరు... ఆ స్కేలు..."

"ఆ. ఆ స్కేలునే."

"అయితే ఒక్క నిమిషం ఆగండి, నేను ముందెళ్ళి చెప్తాను. ఉన్నట్టుండి మిమ్మల్ని చూస్తే కిటికీలోంచి దూకినా దూకుతుంది. కింద కాగితం కట్టలున్నాయి, దానికేం కాదు గానీ కాగితం పాడైపోతుంది."

ఆవిడకి నవ్వు రాబోయింది. బిగబట్టుకుని మెట్లెక్కేసింది.

గది చిన్నదే. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల. ఈ గోడ నుంచి ఆ గోడకి తీగ కట్టి, బట్టలారేసినట్టు బొమ్మల కాగితాలు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి. బల్ల మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో టీ, రెండోదాంట్లో కుంచెలు కడిగిన నీళ్ళు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి. బుల్లి కుంచెని టీలో ముంచి పైకి తీసి, అప్పుడు చూసుకుని "ఛ" అంది. ఆ తరవాత తలెత్తి గుమ్మంలో అత్తని చూసింది.



"కంపెనీ పంపిందా?" అంది బుల్లి.

"కంపెనీ పంపితే కారులో వచ్చేదాన్ని. చూడు ఈ చెమట. బస్సులో నిలబడి వచ్చాను."

"కూర్చో" అని స్టూలు మీది కాగితాలు తీసింది బుల్లి. గొంతులో మర్యాద ఉంది గానీ తడి లేదు. "పుస్తకం చూశావా?"

"లేదు."

"చూడకుండానే తీర్పు చెప్పడానికొచ్చావా?"

"డైరెక్టరుగారు పొద్దున చేతికిచ్చారు. అక్కడ తెరవబుద్ధి కాలేదు. నీ ఎదురుగానే తెరుద్దామని తెచ్చాను."

అది నిజమే, సగం. తెరవకపోవడానికి భయం కూడా ఉంది. కొత్త సంవత్సరం వచ్చింది మొదలు జోరయ్యతో జనం ఆడిన ఆటలు ఆవిడ చూసింది. ఒకడు వాడి చేతికి కత్తి ఇచ్చి హంతకుణ్ణి చేశాడు. ఇంకొకడు కండలు పెంచాడు. మరొకడు వాడికి చక్రాలు తగిలించి వేగంగా పరిగెత్తించాడు. చక్రాల జోరయ్యని చూసిన రోజు ఆవిడ భోజనం చెయ్యలేదు. ఇన్నేళ్ళూ నీళ్ళు పోసి పెంచుకున్న తోట గేటు తీసేసి, పశువుల్ని తోలినట్టయింది ఆవిడకి. ఇప్పుడు ఆ తొక్కేవాళ్ళలో తన అన్న కూతురు కూడా ఉంటే?

సంచిలోంచి పుస్తకం తీసింది. వెనకే స్కేలు కూడా తీసింది. బుల్లి ఆ స్కేలు వంక చూసి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

*

మొదటి పేజీ తిప్పి ఆవిడ స్కేలు ఆనించింది. గుల్ల చుట్లు సరిగ్గా ఉన్నాయి. పెద్దాయన లాగే చెయ్యెత్తకుండా ఒక్క ఊపున తిప్పిన గీత. దాన్ని చూసి గీస్తే రాదు, ఊపిరి బిగబట్టి గీస్తే వస్తుంది. ఎవరు నేర్పారు దీనికి అనుకుంది. బకెట్టు ఉంది, ఎర్ర టోపీ లేదు. సొట్టల్లేవు. ఏ పేజీలోనూ ఒక్క మాట లేదు. కంపెనీ మాట వాడకూడదు కాబట్టి అసలు మాటే లేకుండా చేసేసింది గడుసుపిల్ల.

నాలుగో పేజీ దగ్గర స్కేలు పెట్టడం మర్చిపోయింది. తరవాత అది ఒళ్ళోంచి జారి కింద పడినా వంగి తియ్యలేదు.

కథలో జోరయ్య ముసలివాడు. ఊళ్ళోకి కొత్త ఫైరింజన్లు వచ్చేశాయి. వాడి గంట ఎవరూ మోగించడం లేదు. ఒకనాడు దూరాన పొగ కనిపిస్తుంది. ఎవరూ పిలవకపోయినా వాడు గొట్టం చుట్టుకుని బయల్దేరతాడు. పేజీల తరబడి నడుస్తాడు. పక్కనుంచి పెద్ద బళ్ళు దూసుకుపోతాయి, వాటి గాలికి వాడి బకెట్టు కదిలి సర్దుకుంటాడు. అవే బళ్ళు పని ముగించుకుని తిరిగి వెళ్ళిపోతాయి. చూడ్డానికొచ్చిన జనం ఎదురొస్తారు, మాట్లాడుకుంటూ, ఇళ్ళకి పోతూ. వాడొక్కడే అటువైపు. చేరేసరికి ఇల్లు లేదు. గోడొకటి నిలబడుంది. దాని కింద ఒక ముసలావిడ. ఆవిడ్ని తీసుకెళ్తామన్నవాళ్ళు వేరే పన్లో పడి మర్చిపోయారు. వేగంగా వచ్చినవాళ్ళంతా మంట కోసం వచ్చారు. మంట తరవాత మిగిలిపోయినదాని కోసం వచ్చింది వీడొక్కడు.

వీడు ఎందుకు నవ్విస్తాడో, నవ్వించీ నవ్వించీ చివరికి ఎందుకు ఏడిపిస్తాడో స్కేలత్తకి తెలుసు. తెలుసు గానీ ఎవరికీ చెప్పలేకపోయింది. కొలతలు చెప్పింది, అంతే. ఈ పిల్ల దాన్ని ఒక్క ముక్క మాట లేకుండా చెప్పేసింది.

ఆఖరి పేజీ. జోరయ్య బకెట్టు తీసి, అందులో గొట్టం నీళ్ళు పట్టి ముసలావిడకి అందిస్తాడు, మొహం కడుక్కోమని. వాడి నెత్తి బోడిగా కనపడటం అదే మొదలు. కుడి కొమ్ము నిటారుగా ఉంది. ఎడమ కొమ్ము మధ్యకి వంగిపోయి ఉంది, ఇన్నేళ్ళు ఆ బకెట్టు బరువు మోసీ మోసీ. ముసలావిడ నీళ్ళు పక్కన పెట్టి, ముందు ఆ వంగిన కొమ్ముని వేలితో నిమురుతోంది.

స్కేలత్త పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచి ఆ పేజీయే చూసింది. మొహం పాలిపోయింది.

బుల్లి అది చూసింది. "చెప్పెయ్ అత్తా. నాకు అలవాటేగా. ఇది జోరయ్య కాదు, అంతేనా?"

"నోర్ముయ్యవే" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకోవడానికి చీర చెంగు వెతుక్కుని, దొరక్క, అరచేత్తో తుడుచుకుంది. "అప్పుడు నువ్వు ఉద్యోగానికని గీసి తెచ్చింది జోరయ్య కాదు. ఇప్పటికీ అదే అంటాను. ఎవరో గీసినవాణ్ణి చూసి దించావు అప్పుడు. ఎక్కడ తప్పు పోతుందోనని భయపడుతూ గీశావు. ఇది జోరయ్య. ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నాను, పెద్దాయన తరవాత వాడు మళ్ళీ నడవడం ఇవాళే చూశాను."

బుల్లి చేతిలో కుంచెని తిప్పీ తిప్పీ మళ్ళీ టీ గ్లాసులోనే పెట్టింది.

"మరి ఎందుకలా అయిపోయావు?" అంది చివరికి.

స్కేలత్త ఆఖరి పేజీ మీద వేలు పెట్టింది. ఎడమ కొమ్ము మీద.

"ఇది మొదటి ఏడాదిది కాదమ్మా. పెద్దాయన ఎప్పుడూ కొమ్ము వంచలేదు. వంచింది నేను. కంపెనీ క్యాలెండరులో, వాన నెల బొమ్మకి. అందరికీ నచ్చి అప్పట్నుంచి వాడుకలో పడిపోయింది. ఆయనే గీశాడనుకుంటారు అందరూ. కాదు."

*

బుల్లి గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి నడిచింది. నడవడానికి ఉన్నవి నాలుగడుగులే. తీగ మీది కాగితాలు తలకి తగులుతున్నాయి.

"ఎవరికీ తెలియదు కదా అత్తా."

"నాకు తెలుసుగా."

"సోమవారం అడుగుతారు. అప్పుడు..."

"అబద్ధం చెప్పను. నీకోసం కూడా చెప్పను. చెప్పగలిగితే ఇంత దూరం వచ్చేదాన్నే కాదు, అక్కడే కూర్చుని ఏమీ లేదని ఒక సంతకం పడేసేదాన్ని."

బుల్లికి కోపం వస్తుందనుకుంది అత్త. రాలేదు. బుల్లి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. పెద్దావిడ అయిపోయింది ఈ పిల్ల, అనుకుంది అత్త.

"అయితే వంకర తీసేద్దాం" అంది బుల్లి. "రెండో ముద్రణ కింద మిషన్ మీదే ఉంది. మొదటిది అయిపోయింది, దుకాణాలవాళ్ళు అడుగుతున్నారు. చివరి పేజీలుండే ఆఖరి ఫారం ఇంకా ఎక్కించలేదు. ఇప్పుడు మారిస్తే మార్చినట్టే."

బుల్లి తెల్ల కాగితం పరిచింది. అత్త పెన్సిలు అందుకుంది. కంపెనీ గోడల బయట ఆవిడ జోరయ్యని గీసి ఎన్నాళ్ళయిందో. ఇద్దరూ ఒకే బల్ల మీద తలలు ఆనించుకుని కూర్చున్నారు.

కొమ్ములు రెండూ నిటారుగా పెట్టి చూశారు. వాడు ఇంటి మీద యాంటెన్నాలా ఉన్నాడు. ముసలావిడ వేలు ఎందుకు లేచిందో తెలియలేదు. వాణ్ణి గుల్లలోకి ముడుచుకునేలా గీసింది అత్త. బాగుంది, కానీ అప్పుడు ముసలావిడ ఒక్కతే మిగిలిపోయింది ఆ బూడిదలో. కథంతా నడిచి వచ్చింది అందుకు కాదు. బకెట్టు తియ్యకుండా ఉంచి చూసింది బుల్లి.

"బకెట్టు ఉంటే నీళ్ళు ఎందులో పడతాడే?" అంది అత్త.

"ఆ. అదొకటి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. మొదట కొంచెం, తరవాత ఆపుకోలేనంత. ఏళ్ళ తరవాత ఇద్దరూ కలిసి నవ్వుతున్నారన్న సంగతి నవ్వు మధ్యలో ఇద్దరికీ ఒకేసారి తట్టి, ఆగిపోయారు.

"ఆ పేజీ తీసేస్తాను" అంది బుల్లి మెల్లిగా. "వాడు చేరడంతో ఆపేస్తాను."

"ఆ పేజీ తీసేస్తే ఈ పుస్తకం ఎందుకే? ఆ కొమ్ము నేను వందలసార్లు గీశాను. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని వంచాను. అది ఎందుకు వంగిందో నాకు ఇవాళ్టిదాకా తెలియదు. నువ్వు చెప్తే తెలిసింది. దాన్ని నిటారుగా పెట్టి నేను నిద్రపోతానా?"

అప్పుడే సిరా బాబాయ్ మెట్ల మీద దగ్గి, తల లోపలికి పెట్టాడు. "అమ్మాయ్, మిషన్ ఖాళీగా కూర్చుంది. ఆఖరి ఫారం ఎక్కించమంటావా?"

"కాసేపు ఆగు బాబాయ్."

ఆయన ఆగాడు, కానీ కిందికి పోలేదు. గుమ్మానికి ఆనుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

బుల్లి ఆఖరి పేజీ వంక చూస్తూ అంది, "నువ్వేమో క్యాలెండరు అంటున్నావు. నేను క్యాలెండరు చూసి నేర్చుకోలేదే."

"మరి? బడి సంచి మీద చూశావా?"

"నా కాలి మీద చూశాను."

అత్తకి అర్థం కాలేదు.

"మర్చిపోయావా? గోడ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను కదా. ఇక్కడిదాకా సిమెంటు కట్టు వేశారు. దురద, ఎండ, రాత్రీ పగలూ ఏడుపు. నువ్వొచ్చి దాని మీద జోరయ్యని గీశావు."

స్కేలత్త చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

గుర్తొచ్చింది. వేసవి సెలవులు. అన్న ఇంట్లో కిటికీ పక్క మంచం, దాని మీద దిండ్ల మధ్య చిన్న మొహం, ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి. కట్టు మీద పైనుంచి కిందికి గీసుకుంటూ వచ్చింది. గుల్ల బాగానే వచ్చింది, కుడి కొమ్ము బాగానే వచ్చింది. ఎడమ కొమ్ము దగ్గర కట్టు మడత పడి ఎత్తుగా ఉంది. పెన్ను దాన్ని దాటలేక పక్కకి జారిపోయింది. చెరపడానికి లేదు. అయ్యో అనుకునేలోపే ఆ చిన్న మొహం ముందుకు వంగి చూసింది.

"దీనిక్కూడా దెబ్బ తగిలిందా అత్తా అని అడిగాను" అంది బుల్లి.

"అవునమ్మా, నీతోపాటే పడ్డాడు అన్నాను." ఆవిడ గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "ఏడుపు ఆపేశావు. వాడికి నొప్పి పుడుతుందని ఆ పక్కకి తిరిగి పడుకోవడం కూడా మానేశావు."

"అదే. నేను గీసింది ఆ జోరయ్యని."

స్కేలత్త లేచి నిలబడింది. గదిలో ఉన్న నాలుగడుగులూ ఈసారి ఆవిడ నడిచింది.

"ఆగు. ఆగవే. ముందు నీ కాలు. ఎండాకాలం. క్యాలెండరు పని మాకు మొదలయ్యేది చలి మొదలయ్యాక. నీ కాలి మీద గీసింది మనసులో ఉండిపోయి క్యాలెండరులో పెట్టాను. అంటే ఆ కొమ్ము ఆఫీసులో పుట్టలేదు. అప్పుడు నేను సెలవులో ఉన్నాను. కంపెనీ కాగితం కాదు, కంపెనీ పెన్ను కూడా కాదు. మీ అమ్మ సరుకులు రాసుకునే పెన్ను, మధ్యమధ్యలో రాయడం మానేసేది, ఊది ఊది గీశాను. ఎవరూ గీయమనలేదు. నీకోసం గీశాను." ఆవిడ బుల్లి ఎదురుగా ఆగింది. "నీకిచ్చేశాను. ఇచ్చినదాన్ని నేనెలా మళ్ళీ కంపెనీకి ఇస్తాను? అది నీది."

"చట్టం ఒప్పుకుంటుందా?"

"నాకేం తెలుసు చట్టం? కానీ లాయరు ముందు కూర్చుని చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది. నిజమైన మాట. పొద్దున అది కూడా లేదు."

సిరా బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "మధ్యలో వస్తున్నాననుకోకండమ్మా. మీరు చెప్పింది నాకు నచ్చింది, నేను నమ్ముతాను. వాళ్ళు నమ్ముతారా? మేనత్త మేనకోడలి కోసం కథ అల్లింది అంటారు. చూపించడానికి ఏదైనా ఉండాలి కదా. ఆ కట్టు అప్పుడే కోసి పారేసి ఉంటారు."

"పారెయ్యలేదు" అంది బుల్లి. కళ్ళు మెరుస్తున్నాయి. "డాక్టరు కోస్తుంటే జోరయ్యని కొయ్యొద్దని గోల చేశాను. పక్కనుంచి కోశాడు. అమ్మ దాన్ని దాచింది. అటక మీద, నా చిన్నప్పటి గౌన్లతోపాటు. డాక్టరు కట్టు వేసిన తారీకు కూడా దాని మీదే రాశాడు, పెద్ద అక్షరాలతో. నాకు బాగా గుర్తు, ఆ తారీకుకి కాళ్ళూ చేతులూ గీసి మనిషిని చేశాను."

స్కేలత్త కూర్చుండిపోయింది. "ఫోన్ చెయ్యి మీ అమ్మకి. అందరికీ వినపడేలా పెట్టు."

ఫోను మోగీ మోగీ చివరికి అవతల గిన్నెల చప్పుడుతోపాటు బుల్లి తల్లి గొంతు వచ్చింది. బుల్లి సంగతి పూర్తిగా చెప్పకుండా, చిన్నప్పటి కట్టు కావాలి, అటక మీదుంది కదా అని అడిగింది. పక్కన అత్త ఉందని కూడా చెప్పింది.

"అత్తా? మీ అత్తా? నీ పక్కనా?" అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందే ఇద్దరికీ. మీ నాన్నకి చెప్తే ఎగిరి గంతేస్తారు. ఏమ్మా, బాగున్నావా?"

"బాగున్నాను వదినా. ఆ కట్టు ఉందా?"

"ఉందమ్మా, ఉండకేం. ఇన్నేళ్ళూ ఒక్క మచ్చ పడకుండా దాచాను. అయితే ఇప్పుడు ఇంట్లో లేదు." వదిన గొంతు తగ్గించింది, రహస్యం చెప్పేటప్పుడు ఆవిడ ఎప్పుడూ తగ్గించినట్టే, వీధి చివరిదాకా వినపడేలా. "నీకు చెప్పొద్దన్నారు గానీ, అడిగాక ఎలా దాస్తాను? పోయిన శుక్రవారం మీ డైరెక్టరుగారు ఇంటికొచ్చారు. ఆయనే స్వయంగా. ఎంత మర్యాదస్తుడనుకున్నావు! పాత జోరయ్య వస్తువులన్నీ ఒకచోట పెడుతున్నారట, నువ్వు ఇంట్లో గీసినవేమైనా ఉన్నాయా అని అడిగారు. నీకు సన్మానం చేస్తారట, ముందే తెలిస్తే సరదా పోతుందట. నేనే అటక ఎక్కి తీసి, తుడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని ఎంతసేపు చూశారో! ఆ తారీకు కూడా పైకి చదివారు. అయ్యో, చెప్పేశానా? తెలియనట్టు ఉండు సుమా."

బుల్లి ఏదో ఒకటి చెప్పి ఫోను పెట్టేసింది.

స్కేలత్త ఇవాళ పొద్దుటి డైరెక్టరుగారి మొహాన్ని మళ్ళీ కళ్ళ ముందుకి తెచ్చుకుంటోంది. పుస్తకం ఇస్తూ చిరునవ్వు నవ్వాడు. వేలు పెట్టి చూపిస్తే చాలన్నాడు. అప్పటికే ఆ కట్టు ఆయన దగ్గరుంది. ఏ కొమ్ము మీద ఆవిడ వేలు పడుతుందో ఆయనకి ముందే తెలుసు. ఆవిడ వేలు పెట్టి ఇది కంపెనీది అని సంతకం చేస్తే చాలు, గుడ్డలో చుట్టిన ఆ కట్టు ఇక ఎప్పటికీ బయటికి రానక్కర్లేదు.

"బాబాయ్" అంది ఆవిడ లేస్తూ. "ఆఖరి ఫారం ఎక్కించండి. ఉన్నది ఉన్నట్టు."

"కొమ్ము?"

"వంగే ఉంటుంది."

సిరా బాబాయ్ ఇంకేమీ అడగకుండా మెట్లు దిగిపోయాడు. బుల్లి కింద పడిన స్కేలు తీసి అత్త చేతికిచ్చింది. ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికత్తా? ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చావు కదా, ఇవాళ ఇక్కడే ఉండు."

"ఇప్పుడు బాగుంది" అంది స్కేలత్త. "ఆఫీసుకే వెళ్తున్నాను. సోమవారం దాకా ఆగితే ఆ కట్టు ఉండదు."